పాత ఓనరు మాట

పాత ఇంటి ఓనరు మంచిమాట చెబితే తప్ప నర్సమ్మ తన వెనకవాటా ఎవరికీ ఇవ్వదు. ముప్పయ్యేళ్లు ఆసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. రోగి పూర్వాపరాలు అడిగినట్టే అద్దెకొచ్చేవాడి పూర్వాపరాలూ అడుగుతుంది. ఆ రోజు వాటా అడగడానికొచ్చిన దర్జీ ఇచ్చిన చీటీ మీద పాత ఓనరు నంబరు చూసి మాత్రం కళ్లజోడు సవరించుకుంది. ఆరేళ్లుగా మాటల్లేని సొంత తమ్ముడిది ఆ నంబరు. ఆ చుట్టరికం దర్జీకి తెలియదు.

తగువు పెద్దదేం కాదు. తమ్ముడు మేడ కట్టినప్పుడు, మెట్లు మరీ ఇరుకయ్యాయిరా అంది. నచ్చకపోతే ఎక్కొద్దన్నాడు. ఆమె ఎక్కలేదు. అతనూ ఈ గడప తొక్కలేదు.

ఎందుకు ఖాళీ చేస్తున్నావంటే దర్జీ దాపరికం లేకుండా చెప్పాడు. బట్టలు కత్తిరించే బల్ల ఆ మెట్ల మీదుగా పైకి ఎక్కలేదట. రెండేళ్లుగా అది పెరట్లో పట్టా కప్పుకుని పడుంది. ఇతనేమో మేడ మీద నేలన గుడ్డ పరిచి, వంగి వంగి కత్తిరించి నడుం పోగొట్టుకున్నాడు. ఇంకో నెల అలా వంగితే కత్తెర మానుకోవడమేనన్నాడు. నర్సమ్మకి కడుపు నిండిపోయింది. ఇక ఆ మెట్ల సంగతి తమ్ముడి నోట వినడమే తరువాయి.

దర్జీని వరండాలో కూర్చోబెట్టి లోపలికెళ్లి ఫోన్ చేసింది. గొంతులు ఇద్దరూ పోల్చుకున్నారు, ఇద్దరూ పోల్చుకోనట్టే మాట్లాడారు. ఆమె అండీ అంది, అతనూ అండీ అన్నాడు. పక్కన భర్త పేపరు వెనక దాక్కుని చెవులు మాత్రం బయట ఉంచాడు. మనిషి నెమ్మదస్తుడని, రాత్రి తొమ్మిది దాటితే మిషను చప్పుడు కూడా రానివ్వడని తమ్ముడు బాగానే చెప్పుకొచ్చాడు.

“అంత బంగారంలాంటి మనిషి మరి ఎందుకు ఖాళీ చేస్తున్నాడండీ?”

అవతల దగ్గు వినిపించింది. తరవాత, మనిషికి కాస్త నోటిదురుసు ఉందని నసిగాడు. తన మెట్ల పరువు తీసుకోవడం కంటే దర్జీ పరువు తీయడమే తేలికనిపించినట్టుంది.

“అయితే ఇల్లివ్వలేనండీ. బయటే ఉన్నాడు, మీరన్న మాటే చెప్పి పంపించేస్తాను.”

అవతల మళ్లీ దగ్గు వినిపించింది.

“మెట్లు ఇరుకు,” అన్నాడు చివరికి.

“సరిగ్గా వినపళ్లేదండీ.”

“మెట్లు ఇరుకక్కా. బల్ల ఎక్కలేదు. చాలా?”

ఆరేళ్లుగా ఈ మాట కోసమే కాచుకున్న మనిషి, తీరా విన్నాక ఏం చెయ్యాలో తోచక, రేపు బల్ల మొయ్యడానికి నువ్వూ ఓ చెయ్యి వెయ్యరా అనేసి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు బల్లకి ఒక కొస బండివాడు, రెండో కొస తమ్ముడు పట్టుకుని వచ్చారు. వెనకవాటా గుమ్మం దగ్గర బల్ల ఆగిపోయింది. నిలబెట్టారు, పక్కకి వాల్చారు, కాళ్లు ముందుపెట్టి తోశారు. ఎటు తిప్పినా జానెడు మిగిలిపోతోంది. అందరి కొలతలూ టేపుతో తీసే దర్జీ, ఈ గుమ్మాన్ని మాత్రం కంటితో కొలిచి సరిపెట్టుకున్నాడు.

తమ్ముడు చెమట తుడుచుకుని గుమ్మం వంకా అక్క వంకా మార్చి మార్చి చూశాడు. అతను నోరు తెరిచే లోపే ఆమె భర్తని కేకేసింది.

“వడ్రంగిని పిలుచుకురండి. ఈ గుమ్మానికి చెద పట్టింది, పీకించాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాంగా.”

పోయిన నెలే రంగు వేయించిన టేకు గుమ్మాన్ని ఒక్కసారి తడిమి చూసి, భర్త మారుమాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాడు.