బూటులో మామగారు

టవరు కాపలాదారు పళ్ళపొడి నోట్లో ఉండగానే వంటింటి వెనక్కి వెళ్ళి, కారే కుళాయి కింద పెట్టిన పాత రబ్బరు బూటులో చెంబుడు నీళ్ళు పోశాడు. అది కుడికాలి బూటు. ఎడమకాలిది ఏమైందో ఎవరికీ తెలియదు గానీ, దాన్నీ ఆయనే పోగొట్టాడని భార్య ఏనాడో తేల్చేసింది.

"మామగారూ, లేచారా?" అన్నాడు పుక్కిలించి ఉమ్మేసి.

బూటులోంచి గొంతు సవరించుకున్నట్టు "గుర్ర్... టక్" అని వినిపించింది.

బొటనవేలంత కప్ప. ఒళ్ళు కాల్చిన ఇటుక రంగు, కళ్ళు మాత్రం మొహానికి మించినవి. పిల్లనడగడానికి వెళ్ళిన రోజున మామగారు సరిగ్గా ఇలాగే గొంతు సవరించుకుని, ఆ పైన ఒక్క మాటైనా అనలేదు. అందుకని కప్పకి ఆ పేరు ఖాయమైంది.

"పోయిన మా నాన్నని కప్పని చేశారు. రేపు గోడ మీది తొండకి మీ నాన్న పేరు పెడతాను, అప్పుడు తెలుస్తుంది," అని భార్య వంటింట్లోంచి అంది. అంటూనే, వేడి తగలకుండా బూటు మీద తడిగుడ్డ కప్పి పోయింది.

ఆయన ఈ కొండమీద ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ కప్పలు కింద వాగు దగ్గర ఉండేవి. వాటి గోలకి నిద్రపట్టక ఆయన తిట్టని తిట్టు లేదు. తర్వాత కింద ఎండలు ముదిరాయి. కప్పలు కొండ నడుముకి వచ్చాయి, అక్కడినుంచి టవరు కింది బండల్లోకి వచ్చాయి. చివరికి ఈ ఒక్కటీ కుళాయి దగ్గరికి చేరింది. చల్లదనం వెతుక్కుంటూ ఎక్కుతున్నాయని, కప్పల మీద పరిశోధనకి కొండెక్కి వచ్చే మేడమ్ చెప్పింది.

"మరి ఇక్కడా వేడెక్కితేనో?" అని ఆయన అడిగాడు.

"ఇంకా ఎక్కడానికి కొండేదీ, బాబాయ్?" అంది మేడమ్.

ఈ కొండ మీద తప్ప మరెక్కడా లేని జాతి అది. ఈ మగకప్ప ఒక్కటే మిగిలింది, ఆడదొకటి దొరక్కపోతే జాతి ఇంతటితో సరి. మేడమ్ కనిపించిన రాయినల్లా తిరగేసింది, ఆకుల కింద దేవులాడింది, దొరకలేదు. ఆఖరికి గోడకి ఒక చిన్న పెట్టె బిగించి, "ఇది కప్పల గొంతు పట్టే పెట్టె" అని చెప్పి దిగిపోయింది.

మామగారు రోజూ సాయంత్రం పిలిచేవాడు. ఎవరూ పలికేవారు కాదు. వినీ వినీ కాపలాదారు మనసు ఉండబట్టలేకపోయింది. పెద్దమనిషి అంతలా పిలుస్తుంటే పలక్కపోవడం మర్యాదా? స్నానాలగదిలో దూరి, తలుపేసుకుని, "గుర్ర్... టక్" అన్నాడు. బూటులో సంబరం చెప్పనలవి కాలేదు. అప్పటినుంచి రోజూ అదే వరస. కప్పల గొంతు పట్టే పెట్టె కదా, మనుషుల గొంతు పట్టదనే ఆయన ధీమా.

ఈరోజు మధ్యాహ్నం మేడమ్ రొప్పుతూ కొండెక్కింది. చెప్పులు కూడా విప్పకుండా ఫోను తీసి, "పెట్టె పట్టింది ఫోనుకొచ్చింది, వినండి!" అంది.

ఫోనులో మామగారు పిలిచాడు. వెంటనే ఇంకో గొంతు, సన్నగా పలికింది.

"జవాబు! ఆ సన్నగొంతు ఆడదే, బాబాయ్! అందరికీ ఫోన్లు చేసి చెప్పేశాను!"

కాపలాదారు భూమి చీలితే అందులోకి దిగిపోదామనుకున్నాడు. భార్య ఫోను వంక చూసింది, ఆయన వంక చూసింది, గరిటె పట్టుకునే గడపమీద కూలబడి నవ్వింది.

"ఆడదేనమ్మా, సందేహం లేదు! మీది మగాడి గొంతు కాదండీ అని నేనెన్నేళ్ళుగా మొత్తుకుంటున్నానో అడుగు!"

"తప్పైపోయిందమ్మా," అన్నాడాయన తల దించుకుని. "పిలుస్తున్నాడు కదా అని పలికాను."

మేడమ్ తెల్లబోయింది. తర్వాత ఆవిడకీ నవ్వాగలేదు. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆగిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

"పోనీ, అసలాయన్నైనా చూసి పోతాను," అని లేచింది.

తడిగుడ్డ ఎండి అట్టకట్టింది. కాపలాదారు బూటులో చెయ్యి పెడితే నీళ్ళు గోరువెచ్చగా తగిలాయి. మామగారు ఆయన అరచేతిలోకి వచ్చాడు గానీ కదల్లేదు.

"పొద్దున పలికాడమ్మా," అన్నాడు. "నామీద ఒట్టు, పలికాడు."

"నీ తప్పేం లేదు, బాబాయ్. ఈ ఏడు ఇక్కడికి కూడా మంచు రాలేదు," అంది మేడమ్. కప్పని చిన్న సీసాలో పెట్టుకుని, పెట్టె ఊడదీసుకుని, పొద్దుండగానే కొండ దిగింది.

సాయంత్రం కాపలాదారు అలవాటుగా స్నానాలగదిలోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాక గానీ గుర్తురాలేదు. అయినా నోరు ఊరుకోక, "గుర్ర్... టక్" అన్నాడు. కుళాయి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఏడుపొచ్చింది. కప్ప కోసం ఏడ్చే మొనగాణ్ణి నేనేనని సిగ్గూ వేసింది.

అప్పుడు వంటింట్లోంచి, అచ్చం తన తండ్రి గొంతుతో, భార్య "గుర్ర్... టక్" అంది.

ఆయన తలుపు తీసుకుని వచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా టీ తాగారు. పెరట్లో కుళాయి కింద బూటు నిండి, నీళ్ళు అంచు మీదుగా కారుతున్నాయి.