బెల్లు మోగితే

మంజూషకు రెండో కాన్పులో పుట్టిన బాబుకు గ్రహణం మొర్రి. పైపెదవి ముక్కుదాకా చీలి ఉంది, లోపల అంగిలి కూడా కలవలేదు. పంజాగుట్ట ఆసుపత్రిలో డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. బాబు ఐదు కిలోలకు వచ్చాక పెదవికి ఆపరేషన్ చేస్తారట, అంగిలికి ఆ తర్వాత. అంతవరకు తల ఎత్తి పట్టుకుని చెంచాతో పాలు పట్టాలి.

అమీర్‌పేటలోని ఫ్లాటుకు రాగానే అత్త కమలకుమారి తన నిర్ణయం చెప్పింది. ఆపరేషన్ అయ్యేదాకా బాబును ఎవరికీ చూపించకూడదు. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే మంజూష భర్త ఫణీంద్ర తల్లి మాటకు ఎదురు చెప్పలేదు. బారసాల ఆగిపోయింది. బాబుకు పేరు కూడా పెట్టలేదు.

బెల్లు మోగితే కమలకుమారి గబగబా పడకగదిలోకి వెళ్లి బాబు ముఖాన గుడ్డ కప్పేది. ఇప్పుడే పడుకున్నాడని వచ్చినవాళ్లకు చెప్పేది. మంజూష వద్దనలేదు. ఆ గుడ్డ కప్పగానే తనకూ మనసు కుదుటపడేది. అలా కుదుటపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

పెద్దపిల్ల, ఐదేళ్ల భావన ఇదంతా చూస్తూనే ఉంది. తమ్ముడి గురించి స్కూల్లో చెప్పనని నానమ్మ దానిచేత ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచి ఆ పిల్ల నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. బెల్లు మోగితే నానమ్మ కంటే ముందు తనే లేచి వెళ్లి గుడ్డ కప్పి వచ్చేది. నానమ్మ మెచ్చుకునేది.

రెండో నెలలో ఒక ఆదివారం పొద్దున కమలకుమారి బల్కంపేట గుడికి వెళ్లింది. ఫణీంద్ర క్లాసులో ఉన్నాడు. మంజూష బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే లోపల బాబు ఏడుపు అందుకున్నాడు. అంతలో బెల్లు మోగింది. వెళ్లి తలుపు తీసింది. వాచ్‌మన్ భార్య రాజమ్మ, కొరియర్ పట్టుకుని.

కవరు ఇచ్చి రాజమ్మ అక్కడే ఆగింది. "బాబు సప్పుడు లేదేందమ్మా? ఇప్పటిదాంక ఏడ్సుడు కిందికి ఇనవడ్డది."

మంజూష కవరు వదిలేసి పరుగెత్తింది.

భావన మంచం మీద మోకాళ్లపై కూర్చుని ఉంది. రెండు చేతులతో దిండును బాబు ముఖం మీద అదిమి పట్టుకుంది.

"ఎవరో వచ్చారమ్మా," అంది గుసగుసగా. "వీడు ఏడుస్తున్నాడు. వినపడకుండా మూశాను."

దిండు లాగేసరికి బాబు ముఖం నీలంగా ఉంది. మంజూష వాణ్ణి చేతుల్లోకి ఎత్తుకుంది. వెనకే వచ్చిన రాజమ్మ బాబును అందుకుని ముంజేతి మీద బోర్లా వేసి వీపు మీద చరిచింది. మళ్లీ చరిచింది. ఎంతసేపటికో సన్నగా ఒక ఏడుపు వచ్చింది.

రాజమ్మ కొంగుతో ఆ చీలిన పెదవి తుడిచింది. "మంచిగున్నడు. జర పాలు పట్టమ్మా," అంది.

ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా మంజూష బాబును భుజాన వేసుకునే తలుపు తీసేది. కమలకుమారి ఆ వైపు చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది. మరుసటి నెల ఆపరేషన్ జరిగింది, పెదవి కలిసింది. దుర్గేష్ అని పేరు పెట్టారు.

భావనను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. చిన్నపిల్లకేం తెలుసు, మనం నేర్పిందే చేసిందన్నాడు ఫణీంద్ర. మంజూషకూ ఆ సంగతి తెలుసు. అయినా ఆ ఇద్దరినీ ఒక గదిలో వదిలి ఆమె స్నానానికి కూడా వెళ్లదు. అది భావన కనిపెట్టింది. ఇప్పుడు తమ్ముణ్ణి ముట్టుకోవాలంటే ముందు తల్లి ముఖం చూస్తుంది.