మాల దిగిన మర్నాడు

మా ఆయన శబరిమల నుంచి వచ్చి మాల తీశాక, ఆ నల్ల పంచెలూ చొక్కాలూ ఉతికి పైఅరలో పెట్టడం ఏటా నా పనే. ఈసారి వాటితో పాటు నిన్న సాయంత్రం వేసుకున్న జీన్సు కూడా మిషన్లో వేద్దామని జేబు తడిమాను. సన్నకాగితాల కట్ట, చిన్న కవర్లో ఎండాకు. వాసన చూడక్కర్లేదు, దీక్షకు ముందు మా వైట్‌ఫీల్డ్ ఫ్లాటు బాల్కనీలో రోజూ సాయంత్రం వచ్చేదే. గంజాయి. మాల దిగి ఒక్క పూటన్నా ఆగలేదు మహానుభావుడు!

"ఆకే కదా హరిణీ, సిగరెట్టు కంటే నయం. ఎప్పుడనుకుంటే అప్పుడు మానేస్తా" అంటాడు శశిధర్.

పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. సూదులు నా పొట్టకే, స్కాన్లు నాకే. ప్రతిసారీ పంటి డాక్టరని అబద్ధం చెప్పి సెలవు పెడితే, "ఎన్ని పళ్ళు మీకు?" అని మా మేనేజర్ పునీత్ అందరి ముందూ నవ్వాడు. అనంతపురం నుంచి మా అత్త భాగీరథమ్మ ఫోను: "నీ ఒంట్లో వేడెక్కువుండాదమ్మా. పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ముందర కూచుంటే బిడ్డలెట్ల నిలుస్తారు?" నాగులకట్ట చుట్టూ తిరగడం, శుక్రవారం పస్తులు, అన్నీ నాకే. వాళ్ళబ్బాయి ఒంట్లో ఏముందో అడిగిన పాపాన పోలేదు ఎవరూ. ఏడాదిగా పడకమీద కూడా అతని ఒళ్ళు సహకరించడం లేదు. సగంలోనే పక్కకి తిరిగి, "నువ్వు లావయ్యావు, మూడ్ రావట్లేదు" అన్నాడు. నమ్మాను. అద్దం ముందు నిలబడి నా ఒంటిని నేనే అసహ్యించుకున్నాను.

దీక్షకు ముందు నాకు సూదులేసే డాక్టర్ ఫాతిమా, ఆయనకేమన్నా అలవాట్లున్నాయా అని అడిగితే నిజం చెప్పేశాను. "ఖాయంగా ఇదే కారణమనలేను. కానీ గంజాయి వల్ల వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గొచ్చు. అంగస్తంభన సమస్యలూ రావచ్చు. ముందు ఆయన్ని పరీక్షకు పంపండి. మానేశాక కొత్త కణాలు తయారవడానికి మూడు నెలలు ఆగి మళ్ళీ చూద్దాం" అంది ఆవిడ. ఇంటికొచ్చి చెబితే, "డబ్బా పట్టుకుని బాత్రూంలోకి పొమ్మంటావా? మగాడికి పరువుండదా?" అని అరిచాడు. ఆస్పత్రి బల్ల మీద కాళ్ళు చాపి పడుకున్నప్పుడు నా పరువేమయిందో మరి!

తర్వాత మాల వేశాడు. చన్నీళ్ళు, నేలపడక. అతని స్నేహితుడు కౌశల్ అలవాటుగా గంజాయి చుట్టి ఇవ్వబోతే, "తప్పు స్వామీ" అని దండం పెట్టాడు. నేను చీకటితోనే లేచి తలస్నానం చేసి, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా వేరే గిన్నెల్లో వండి ఆఫీసుకి పరిగెత్తాను. అయినా సంతోషంగానే ఉన్నాను. అతని కళ్ళు తేటపడ్డాయి, నాతో కూర్చుని మాట్లాడాడు. దీక్షలో నన్ను తాకకూడదు, సరే. ఈసారన్నా మాల దిగాక మాకు మంచిరోజులే అనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

ఆ కవరు తీసుకెళ్ళి అతని కాఫీ గ్లాసు పక్కన పెట్టాను.

"జేబులు వెతుకుతున్నావా?"

"ఉతికేది నేనే కదా."

అంతలో అత్త ఫోను. స్పీకర్లో పెట్టాను. "ఏమ్మా, ఈ తూరి సూది ఎప్పుడు?"

"నాకిక లేదత్తమ్మా. మీ అబ్బాయి గంజాయి తాగుతాడు. మానేసి, పరీక్ష చేయించుకుని వచ్చేదాకా నేను సూది వేయించుకోను."

శశిధర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "మగపిల్లోడు, ఏందో సావాసదోషం. నువ్వే సర్దుకోవాల" అంది అత్త. ఇంకేమంటుంది! ఫోను పెట్టేశాను.

"అమ్మకి చెప్పేశావా?" అన్నాడు, కవరు గుప్పిట్లో దాచుకుంటూ. జాలేసింది, నిజమే. కానీ నా పొట్ట మీద సూదులు మిగిల్చిన నీలం మచ్చల్ని నేనింకా మరిచిపోలేదు.

మిషన్ ముందున్న నల్లబట్టలు తెచ్చి అతని ఒళ్ళో పెట్టాను.

"దేవుడి కోసం మానగలిగావు శశీ. ఎప్పుడనుకుంటే అప్పుడు మానేస్తానని ఇక నాతో అనకు. ఈసారి దీక్ష నా కోసం, మూడు నెలలు. వంటా, ఉతుకూ మాత్రం నువ్వే చేసుకో స్వామీ."