గడియారం చెవులు మూసుకున్న అరగంట

కిరండూల్‌లో మధ్యాహ్నం రెండయ్యేసరికి కొండ మీద సైరన్ మోగుతుంది. ఆ వెనకే ఇనుప గనిలో మందు పేలుతుంది, ఊరంతా ఒక్కసారి ఒళ్లు విదిలించుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు గుండెలు పట్టుకుంటారు, పాతవాళ్లు గిన్నెలు పట్టుకుంటారు. రైల్వే క్వార్టర్లలో ఏ ఇంట చూసినా అంతే. సైరన్ వినగానే ఆడవాళ్లు వంటింటి అలమరా దగ్గరికెళ్లి, వరసగా పేర్చిన స్టీలు గ్లాసులు అదురుకి పడిపోకుండా చెయ్యి ఆనించి నిలబడతారు. కన్నమ్మ ముప్ఫై ఎనిమిదేళ్లుగా అలా నిలబడుతోంది. పొట్టి మనిషి కాబట్టి పీటేసుకుని మరీ నిలబడుతుంది.

అయితే ఈ వానాకాలంలో ఆవిడ రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. షుగరు. పెద్దకొడుకు దేవరాజు గూడ్సు డ్రైవరు. ఖనిజం బండెక్కి కొండలు దిగాడంటే రెండ్రోజులకు గానీ ఇల్లు చూడడు. అతని పెళ్లాం ప్రమీలారాణి ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతుంది, ఐదు దాటితే గానీ రాదు. చిన్నకొడుకు బంగారురాజుకి ఈ సంగతి తెలిసి, విశాఖపట్నం నుంచి ఫోన్ మీద ఫోన్.

"అమ్మని ఒంటరిగా ఒదిలేస్తున్నారు వదినా. నేను తీసుకెళ్లిపోతాను."

"నానెక్కడికీ రాను," అంది కన్నమ్మ. "ఆడిది మూడో అంతస్తు. తలుపేసుకుని కూకోవాల. సుక్కి ఉంటాదేటి అక్కడ?"

సుక్కి అంటే కొండవాలు పల్లె నుంచి ఆకుకూరలు తెచ్చే మనిషి. రోజూ పొద్దున్నే వెనక గుమ్మంలో గంప దించి, గంటసేపు తన హల్బీ భాషలో ఊరి కబుర్లన్నీ చెప్పిపోతుంది. కన్నమ్మ తెలుగులో జవాబిస్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

అత్త వెళ్లిపోవడం ప్రమీలకి ఇష్టం లేదు. పెళ్లై వచ్చిన కొత్తలో తనకి చదువు చెప్పించి, ఉద్యోగానికి పంపింది ఈవిడే. అందుకని మరిదితో ఒప్పందం చేసుకుంది: "దసరా దాకా ఆగు. నేనో ఏర్పాటు చేస్తాను. అది నిలబడితే అత్త ఇక్కడే. లేదంటే నువ్వే తీసుకెళ్లు."

ఆ ఏర్పాటే గడియారం. మనం చెప్పినట్టు నడుచుకునేలా కంప్యూటర్ నుంచి మనమే పాఠం నేర్పుకోగల డిజిటల్ వాచీ. పగలంతా నిద్రపోతుంది, లేకపోతే బ్యాటరీ పూటలో అయిపోతుంది. దాన్ని నిద్ర లేపేవి రెండే: పక్కనున్న బటన్, లోపలున్న కుదుపు తెలిసే చిప్పు. మనిషి పడితే చిప్పు లేపుతుంది, మనిషే బటన్ నొక్కితే బటన్ లేపుతుంది. వీటిని ఇంటరప్ట్‌లంటారని ప్రమీల చెబితే, "నువ్వు నిద్దరోతుంటే నాను లేపితే మాత్రం సతాయింపంటావు," అంది కన్నమ్మ. లేవగానే గడియారం ప్రమీల ఫోన్‌కి కబురు పెడుతుంది.

మొదటివారం బటన్ పేచీ పెట్టింది. ఒక్కసారి నొక్కితే లోపలి రేకు నాలుగుసార్లు వణికి, నాలుగు కబుర్లొచ్చేవి. మొదటి వణుకు తరవాత రెప్పపాటు ఆగమని నేర్పితే కుదురుకుంది. రెండోవారం అసలు పేచీ. రోజూ రెండింటికి మందు పేలగానే ఇల్లు అదిరేది, చిప్పు ఉలిక్కిపడేది. ప్రమీల ఫోన్ గోలపెట్టేది, ఆవిడ క్లాసు మధ్యలో పరుగెత్తుకొచ్చేది. తీరా చూస్తే కన్నమ్మ గ్లాసుల మీద చెయ్యేసుకుని, "ఏటే మళ్లీ వచ్చీసినావు?" అనేది.

నాలుగుసార్లు అలా పరుగెత్తాక ప్రమీలకి విసుగెత్తింది. ఊరంతా ఆ కుదుపుని పట్టించుకోవడం మానేసింది కదా, గడియారానికేం వచ్చింది మాయరోగం? రోజూ రెండింటికి పది నిమిషాల ముందు నుంచి అరగంటపాటు ఏ ఇంటరప్టూ వినొద్దని ఒక్క వరుస రాసి పారేసింది. అక్కడే ఆవిడ అతితెలివి బయటపడింది. కుదుపునొక్కదాన్నే ఆపాల్సింది పోయి, బద్ధకించి బటన్‌తో సహా అన్నిటినీ ఆపింది. పేలుళ్ల ఊళ్లో బతికి బతికి ఆ అరగంటని లెక్కలోంచి తీసేసిన మనిషి చేసే తప్పు అది.

మూడు వారాలు హాయిగా గడిచాయి.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆరోజు గనికి సెలవు. యంత్రాలకి బంతిపూల దండలేస్తారు, జనాన్ని కొండ మీదికి పోనిస్తారు, ఊరు ఊరంతా బారులు తీరి ఎక్కుతుంది. ఐటీఐలో కూడా లేత్ మిషన్లకి పూజ చేశారు. ప్రమీల ల్యాబ్‌లో ఒంటరిగా కూర్చుని, గుప్పెడు చిన్న మరమేకుల పళ్లెం ముందేసుకుని మరో బోర్డు బిగించుకుంటోంది. గోడ గడియారంలో రెండయింది. ఆవిడ అరచెయ్యి దానంతటదే వెళ్లి పళ్లెం మీద బోర్లా పడింది, మరలు దొర్లిపోకుండా.

అలాగే ఉంది. కుదుపు రాలేదు. ఇవాళ పేలుడెక్కడిది, పిచ్చిదాన్ని కాకపోతే అని నవ్వుకుంది.

మరుక్షణం గుర్తొచ్చింది. పేలుడు లేదు. కానీ ఇంట్లో గడియారం, తను చెప్పింది చెప్పినట్టు, చెవులు మూసుకుని కూర్చుంది. ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. స్కూటీ తీసింది. "ప్రభువా, ప్రభువా" అంటూనే క్వార్టర్ దాకా వచ్చింది.

వంటింట్లో పీట తిరగబడి ఉంది, గ్లాసులు నలుమూలలా దొర్లి ఉన్నాయి. మధ్యలో కన్నమ్మ, కుడికాలు చాపుకుని, మణికట్టు మొహం దగ్గర పెట్టుకుని బటన్ నొక్కుతోంది.

"అత్తా!"

"దీన్దుంపతెగ, నొక్కీ నొక్కీ బొటనేలు పోయింది! పలకదేటే ఇది?"

ప్రమీల కింద కూలబడి అత్తని కరుచుకుని ఏడ్చేసింది. ఎముక విరగలేదు, మడమ బెణికింది. జరిగింది ఇంతే: సుక్కి పూజ చూడ్డానికి కొండెక్కింది, ఇవాళే గనికి సెలవని కన్నమ్మకి చెప్పే దిక్కు లేదు. రెండయింది, సైరన్ వినబడలేదు.

"నా చెవులే పోయాయనుకున్నానే," అంది కన్నమ్మ గొంతు తగ్గించి. "సైరను కొట్టీసుంటాది, నాకే ఇనబడలేదనుకుని బేగి పీటెక్కాను. అదిరితే ఆపుదామని ఒళ్లంతా ఆనించి నిలబడ్డాను. అదరదే! అటూ ఇటూ చూసేసరికి పీట జారిపోయింది." కోడలి చెయ్యి పట్టుకుంది. "బంగారానికి చెప్పకే తల్లీ. తీసుకుపోతాడు."

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ప్రమీల ఆ సాయంత్రమంతా మథనపడింది. ఒకసారి అబద్ధంతో ఆపుకున్న మనిషిని రోజూ అబద్ధంతోనే కాపాడుకోవాలి. ఫోన్ తీసింది. "అత్త పడింది బంగారూ. తప్పు ఆవిడది కాదు, నాది. బటన్ నొక్కుతూనే ఉంది, నేనే విననివ్వలేదు."

"శనివారం వస్తున్నాను వదినా," అన్నాడు. ఆ మాట విని కన్నమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మూడు రోజులు కూర్చుని ప్రమీల పాఠం మార్చింది. ఇక ఏ వేళా చెవులు మూసుకోవడం లేదు. ఇల్లు అదిరినప్పుడల్లా గడియారం లేచి కన్నమ్మ చేతికి గిలిగింత పెడుతుంది. నిమిషంలోపు ఆవిడ బటన్ నొక్కితే, బాగున్నానని కబురు. నొక్కకపోతే గోల.

బంగారురాజు శనివారం దిగాడు. ప్రమీలకి సెలవు దొరక్క ఐటీఐలోనే ఉంది. రెండింటికి సైరన్ మోగింది. ఆవిడ మరల పళ్లెం మీద చెయ్యేసింది. బల్ల అదిరింది. ఫోన్‌లో వచ్చింది: కుదుపు. పది సెకన్లు. ఇరవై. నలభై. బటన్ లేదు. నా తల్లే, నొక్కవే, అంటోంది లోపల. యాభై ఐదు దగ్గర వచ్చింది: బాగున్నాను.

వెంటనే ఫోన్ చేసింది. "అంతసేపేంటత్తా? నా ప్రాణం పోయింది!"

"ఉండవే! నాను మంచమ్మీదున్నాను, గిన్నెలెవరు చూస్తారు? బంగారానికి ఎక్కడ చెయ్యెట్టాలో చెప్పాలి కదేటి. ముందు గిన్నెలు, తరవాత నువ్వు."

వెనకాల మరిది గొంతు వినబడింది, రొప్పుతూ: "వదినా, ఇల్లు ఊగిందే! అమ్మ నవ్వుతోంది నన్ను చూసి."

"పట్టుకున్నావా?" అంది ప్రమీల.

"రెండు చేతులూ వేసి," అన్నాడు బంగారురాజు. "రేపటి బండికి రెండు టిక్కెట్లు తీశాను వదినా. ఒకటి కేన్సిల్ చేయించేస్తున్నాను."