ఇచ్చిన పిల్లల నెత్తురు

నాకు కోపం ఎక్కువంటారు మా వాళ్లు. ఎక్కువే. రొమ్ము క్యాన్సర్‌తో మా అక్క పద్మశ్రీ పోయిన రోజు, శవం ఇంకా వాకిట్లో ఉండగానే, మా పెద్దనాయన బుచ్చిరాములు అమ్మవైపు చూసి, "తల్లిని జూసి పిల్లను దెచ్చుకోవాలంటరు, ఊకెనే అన్నరా? సత్తమ్మ పాలల్లనే ఏదో ఉన్నది" అన్నాడు. అది విన్నాక కూడా కోపం రాకపోతే నేను మనిషినే కాదు.

భర్త అన్న ముందు ఆడది తలెత్తి మాట్లాడటం మా ఇళ్లల్లో లేదు. ఆయన గుమ్మం తొక్కితే అమ్మ కొంగు తలమీదికి లాక్కుని వంటింట్లోకి పోతుంది, పోయేదాకా బయటికి రాదు. నాన్న లారీ ప్రమాదంలో పోయి ఇన్నేళ్లయినా ఆ మర్యాద తప్పలేదు. కానీ ఆ మాట అమ్మలో దిగిపోయింది. అక్క కొడుకు మా దగ్గరే పెరుగుతున్నాడు. వాడు ఒళ్లోకి ఎక్కబోతే అమ్మ ఏదో పనున్నట్టు లేచిపోయేది.

నేను నాచారంలో ఒక బట్టల కంపెనీలో కుట్టుమిషన్ మీద పనిచేస్తాను. అక్కకు చేసిన జన్యు పరీక్షే, అక్క పోయాక నేనూ చేయించుకున్నాను. అక్క జన్యువులో ఉన్న మార్పే నాలోనూ ఉందన్నారు డాక్టర్లు. అయితే అది ప్రాణం తీసేదో, ఊరికే ఉండేదో తెలియదట! జబ్బు రాకముందే రొమ్ములు తీయించుకోవాలా, నిశ్చింతగా తిరగాలా? తెలియదని చెప్పడానికి ఇన్ని చదువులెందుకని, హబ్సిగూడలో ఒక పరిశోధన ల్యాబ్ ఉందంటే అక్కడికే పోయి అడిగాను. అక్కడ త్రిపురసుందరి గారని, కాకినాడ ఆవిడ, ఇలాంటి మార్పుల మీదే పని చేస్తారు.

"మీకు కోపం రావడంలో తప్పులేదమ్మా" అన్నారామె. "లక్షల మంది జన్యువుల వివరాలు ఒకచోట చేర్చి, ఏ మార్పు ఉన్నవాళ్లకి ఏ జబ్బు వచ్చింది, వచ్చినవాళ్లు ఎన్నేళ్లు బతికారు అని పోల్చి చూస్తారు. ఆ లక్షల్లో ఎక్కువమంది పైదేశాల వాళ్లే. మన వాళ్లు చాలా తక్కువ. పోల్చడానికి మనిషి లేక తెలియదన్నారు."

"అంటే మేం సచ్చింది గూడ ఎవ్వల లెక్కల రాలేదన్నట్టు."

ఆమె "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా?" అని అడిగారు.

"లేదు మేడం. మా ఇంట్ల అక్కకొక్కదానికే." అక్కను చేర్చినప్పుడు దవాఖానాలో పెద్దనాయన చెప్పిందీ అదే.

"మేనత్తలకి?"

మేనత్తలిద్దరూ రొమ్ములో గడ్డలు లేచే పోయారు. ఒకామెను భువనగిరి ఇచ్చారు, ఇంకొకామెను ఆలేరు. ఇచ్చిన పిల్ల ఇంటిపేరు మారుతుంది, ఇక ఆమె చావు ఆ ఇంటి చావు. మేము ఏడ్చి, స్నానాలు చేసి వచ్చేశాం. అది మా ఇంటి జబ్బని ఏ ఒక్కరికీ తట్టలేదు. ఎడ్డిదాన్ని, నాకూ తట్టలేదు! ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పాను.

"ఇంటిపేరుతో పాటు నెత్తురు మారదు కదమ్మా" అన్నారామె. "మీ నాన్నగారి వైపు వాళ్లు, అత్తల పిల్లలు రక్తం ఇస్తే జబ్బు ఈ మార్పు వెంట నడుస్తోందో లేదో చూడొచ్చు. ఇదే మార్పున్న కుటుంబాలు ఇంకా కొన్ని దొరికాయి. అన్నీ కలిపితే మీకు జవాబు చెప్పగలం."

ఎవరికి ఫోన్ చేసినా "పెద్దనాయన వద్దన్నడు" అన్నారు. అంతలో నానమ్మ నిండుగా బతికి పోయింది. ఆమె పెద్దకర్మ చిల్కానగర్‌లో ఒక హాల్లో పెట్టారు. పెద్దకర్మకు రాకపోతే జీవితాంతం మాట పడాలి. ఆమె కన్న కడుపులన్నీ ఒక్క కప్పు కింద కూడతాయి. నేను త్రిపురసుందరి గారికి ఫోన్ చేశాను. "ఇష్టమున్నవాళ్ల దగ్గరే తీసుకుంటాను, బలవంతం చేయొద్దు" అని మాట తీసుకుని, ఇద్దరు నర్సులతో వచ్చారు.

భోజనాలయ్యే వేళ సూదులు చూసి పెద్దనాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "థూ! ముసల్దాని కర్మ నాడు గిదేం పనే? మా హిమజకు సంబంధం మాట్లాడుతున్నం. గీ ఇంట్ల రోగమున్నదని తెలిస్తె ఎవడొస్తడు? అయినా మీ అమ్మ పాలల్ల రోగముంటె మా నెత్తురెందుకు?"

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. "పెద్దనాయినా, అత్తలిద్దరు నీ తోడబుట్టినోళ్లేనా? మరి వాళ్లేమన్న మా అమ్మ పాలు తాగిన్రా?"

ఆలేరు అత్త కొడుకు రంజిత్ బావ విస్తరి ముందు నుంచి లేచాడు. "మా అమ్మ సచ్చినప్పుడు గూడ దిష్టన్నరు, చేతబడన్నరు. దా మేడం, ఎంత గావాల్నో దీస్కో" అని చేయి చాపాడు. అతని వెనక ఒకరొకరే లేచారు. చివరికి పెద్దనాయన చిన్నబిడ్డ హిమజ లేచింది.

"కూసో!" అని అరిచాడాయన.

"కూసుంటె అత్తల లెక్కనే పోత నాయినా" అంది ఆ పిల్ల, వెళ్లి వరసలో నిలబడింది.

జవాబు వచ్చేసరికి వర్షాలు వెళ్లిపోయాయి. ఆ మార్పు చెడ్డదే. రంజిత్ బావలో ఉంది. హిమజలోనూ ఉంది. అమ్మ నెత్తురూ చూశారు, అందులో మాత్రం లేదు. ఆ మాట చెబితే అమ్మ బియ్యం చాట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఆపరేషన్‌కు పేరిచ్చేశాను. పెళ్లికాని పిల్లవు, నిన్నెవడు చేసుకుంటాడని వీధిలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. చేసుకోకపోతే మానెయ్యనీ! రొమ్ములు పోతే పోతాయి, నేనుంటాను.

నేను పేరిచ్చిన మర్నాడే పెద్దనాయన మా ఇంటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. "బిడ్డా మానసా, హిమజకు డాక్టర్లు ఏడాదికోసారి స్కానింగ్‌లు చేయించాలంటున్నరు. పెండ్లయ్యేదాక ఆగుదాం. నువ్వు నోరు మూస్కో, నీకు దండం పెడత" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. ఈలోగా వంటింట్లోంచి అమ్మ వచ్చింది. కొంగు తలమీద లేదు.

"నా పాలు మంచియే బావా" అంది. "పిల్లను రేపే తోల్కపో. నువ్వు తోల్కపోకుంటె నేనే తోల్కపోత."

అని, ఆయన ఎదురుగానే కుర్చీ లాక్కుని కూర్చుని, అక్క కొడుకును ఒళ్లోకి తీసుకుంది.