స్టెల్వియో మీద కునుకు

హార్ట్‌మూట్ బ్రెమ్ ఎడమచేతిని వేడినీళ్ల కుళాయి కింద పెట్టి వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసుకుంటున్నాడు. సెలవు మీద ఆల్ప్స్ కొండలకు వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే ఇదే పని. వేళ్లు క్లచ్ పట్టుకునేంత లొంగాయని నమ్మకం కుదిరాక తువ్వాలు అందుకున్నాడు. దాని మడత చూడగానే మూతి విరిచాడు. అంచుకు అంచు కలవలేదు. జర్మనీలోని ఊపర్‌టాల్‌లో ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లను ఇస్త్రీయంత్రంలోకి తోస్తూ జుట్టు నెరిసిన మనిషి అతను. లోకంలో సగం మందికి మడతపెట్టడం రాదనీ, మిగతా సగానికి బండి నడపడం రాదనీ అతని గట్టి నమ్మకం.

కింద ఫలహారాల గదిలో ఆ రెండో సగంవాళ్లే కూర్చుని ఉన్నారు. హాలెండు దంపతులు, యోప్, ఇనెకె. ఇద్దరూ అరవై దాటినవాళ్లు. ఇద్దరికీ ఒకే రంగు చొక్కాలు. నిన్న సాయంత్రం వాళ్ల మోటారుసైకిల్ చూసి హార్ట్‌మూట్ అక్కడే ఫక్కున నవ్వాడు. బండా అది? పక్కలకు రెండు పెట్టెలు, వెనక ఇంకో పెట్టె, గాలి తగలకుండా ముందు అద్దం, వెనక కూర్చునేవాళ్లు ఆనుకోవడానికి దిండు, మోచేతులు పెట్టుకోవడానికి చేతులు. చక్రాలు తొడిగిన సోఫా.

బస యజమానురాలు వాల్‌ట్రౌట్ కాఫీ పోస్తూ, ముగ్గురూ స్టెల్వియో కనుమ మీదికేగా, కలిసి వెళ్తారా అని అడిగింది.

“వాళ్లు ఇల్లు మారడానికి వెళ్తున్నారు. నేను బండి నడపడానికి వెళ్తున్నా,” అన్నాడు హార్ట్‌మూట్, వాళ్లకు వినపడేట్టుగానే.

యోప్ నవ్వి రొట్టెకు వెన్న రాసుకున్నాడు. తిడితే రోషం కూడా రాని మనుషులు, అనుకున్నాడు హార్ట్‌మూట్.

అతనిది ఎర్రటి రేసుబండి. ముట్టె దించి మీదికి ఉరకబోయే పందిలా ఉంటుంది. దాని మీద కూర్చోవడమంటే పెట్రోలు ట్యాంకు మీద బోర్లా పడుకోవడమే. పొట్ట ట్యాంకుకు నొక్కుకుంటుంది, మోకాళ్లు పక్కటెముకల దాకా ముడుచుకుంటాయి, ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. సామానుకు చోటు లేదు కనుక లోదుస్తులూ పళ్లబ్రష్షూ నొప్పుల మందూ వీపున సంచిలో మోయాలి. ఆ అవస్థలోనే అతను ఏటా వేసవిలో యూరప్ తిరిగేవాడు. నార్వే వెళ్లాడు, పిరెనీస్ వెళ్లాడు, ఆల్ప్స్‌లో అతను ఎక్కని కనుమ లేదు. యూరప్ అంతా చూశానని లాండ్రీలో ఆడవాళ్లకు చెప్పేవాడు. ఆ భంగిమలో మెడ ఎత్తితే నరం పట్టేస్తుంది. కాబట్టి అతను చూసింది తారు. దేశదేశాల తారు.

ఒకప్పుడు ఆ తారును అతని భుజం మీదుగా భార్య రెనాటె కూడా చూసింది. వెనక అరచేయంత సీటు మీద గొంతుక్కూర్చుని, అతని సంచిని కరుచుకుని కొన్నేళ్లు తిరిగింది. ఒకసారి ఆస్ట్రియాలో పెట్రోలు బంకు దగ్గర దిగి, నడుం పట్టుకుని నిలబడి, మనిషి కూర్చునే బండి ఒకటి కొను, ఎక్కడికైనా వస్తాను అంది. సోఫా కావాలంటే ఇంట్లో ఉండు అన్నాడతను. ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత కొన్నాళ్లకు ఆ ఇల్లూ వదిలి వెళ్లిపోయింది. అతను వెనక సీటు పీకేసి, ఆ చోట ఎర్రటి ప్లాస్టిక్ మూపురం బిగించాడు. బండికి అందం వచ్చిందని అందరికీ చెప్పాడు.

కనుమ మలుపులు మొదలయ్యేసరికి ఎడమచెయ్యి మొరాయించింది. నొప్పి మణికట్టు నుంచి మోచేతికి, అక్కణ్ణించి భుజంలోకి పాకింది. క్లచ్‌ను తిట్టుకున్నాడు. రొప్పుతూ ఎక్కే సైకిళ్లవాళ్లను తిట్టుకున్నాడు. అంతలో ముందు పెట్టెల బండి కనపడితే ప్రాణం లేచొచ్చింది. ఇనెకె దిండుకు ఆనుకుని, ఆపిల్ కొరుక్కుంటూ, బాల్కనీ టికెట్టు కొన్నదానిలా కొండల్ని చూస్తోంది. హార్ట్‌మూట్ ఇంజను అరిపించి వాళ్లను రాసుకుంటూ దాటాడు. ఆ ఊపులోనే తర్వాతి మలుపులోకి దూరాడు.

అక్కడ వేళ్లు ముడుచుకోలేదు. ఇంజను ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. బండి నిద్రలో ఒత్తిగిల్లినట్టు మెల్లగా పక్కకు పడింది. వేగంగా పోతూ పడి ఉంటే ఆ పరువన్నా దక్కేది. అతను నడక వేగంలో పడ్డాడు. లేచి బండిని ఎత్తబోయాడు, అది కదల్లేదు. చివరికి వెనక వచ్చిన దంపతులిద్దరూ చెయ్యి వేస్తేగాని నిలబడలేదు.

“దెబ్బేమన్నా తగిలిందా?” అంది ఇనెకె.

“రోడ్డు మీద నూనె ఉంది.”

యోప్ వంగి రోడ్డు చూశాడు. పొడిగా ఉంది. “ఉండే ఉంటుందిలెండి,” అన్నాడు.

ఆ జాలి హార్ట్‌మూట్‌కు చెంపదెబ్బలా తగిలింది. బండెక్కి వెళ్లిపోయాడు.

కనుమ మీద సాసేజ్‌లు కాలుతున్న పొగ, బొమ్మలూ చొక్కాలూ అమ్మే కొట్లు, వరసగా బండ్లు. దిగడానికి కాలు తిప్పితే అది మూపురానికి తట్టుకుంది. తోలుబట్టల కుర్రాళ్లు చూశారు.

“తాతా, మనవడి బండి గీకేశావా? ఇంటికెళ్తే ఉందిలే నీకు,” అన్నాడొకడు.

వాళ్లు నవ్వుకుంటూ బండ్లెక్కి పోయారు. ఆ వయసులో తనూ అలాంటి మాటలే అన్నాడు. ఆ చలిలో అతనికి చెమట పడుతోంది.

కాసేపటికి దంపతులు వచ్చి పక్కనే బండి ఆపారు. ఇనెకె కొట్టుకెళ్లి మూడు కాఫీలు తెచ్చింది. అతని మొహం చూసి, రోడ్డు అంచు గోడ చల్లగా ఉంటుంది, మా బండి మీద కూర్చోండి, మేం తిని వచ్చేదాకా ఖాళీయే అంది. ససేమిరా అంటాడనే అనుకుంది. అతను చుట్టూ ఓసారి చూసుకున్నాడు. తర్వాత యోప్ భుజం పట్టుకుని, మంచమెక్కినట్టు వెనక సీటెక్కాడు. ఇనెకె అతని కాఫీని సీటు పక్కనున్న చిన్న గూట్లో పెట్టింది.

“సీటు వెచ్చగా ఉందేమిటి?” అన్నాడు, ఫిర్యాదు చేస్తున్నట్టు.

“మీట ఉందండీ. నొక్కితే వేడెక్కుతుంది.”

“సిగ్గులేని బండి,” అన్నాడు. ఆ మాటలో విషం లేదు. వీపు వెనక దిండు తడిమి చూసి అడిగాడు: “దీని మీద నడుం నొప్పి పుట్టదా?”

“లిస్బన్ దాకా వెళ్లొచ్చాను. పుట్టలేదు,” అంది ఇనెకె.

“మా ఆవిడకి...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మా ఆవిడకి కొండలంటే ఇష్టం అనబోయాడు. ఇష్టమో కాదో అతనికి తెలియదు. ఎన్నడూ అడగలేదు. తల వెనక్కి వాల్చాడు. ఎదురుగా మంచు కప్పుకున్న పెద్ద కొండ, ఆకాశాన్ని సగం మూసేసి నిలబడి ఉంది.

“అదేం కొండ?”

“ఓర్ట్‌లర్,” అన్నాడు యోప్. “ఇక్కడికి ఏటా వస్తారని వాల్‌ట్రౌట్ చెప్పిందే?”

హార్ట్‌మూట్ దాన్నే చూస్తున్నాడు.

వాళ్లు తిని వచ్చేసరికి అతని తల ఒక పక్కకు వాలి ఉంది. రాత్రి నిద్ర పట్టలేదేమో, పడుకోనిద్దాం అంది ఇనెకె. ఇద్దరూ గోడ మీద కూర్చున్నారు. కొండ మీదికి మబ్బు దిగి చలి పెరిగాక ఆమె లేచి అతని భుజం తట్టింది. తర్వాత చెయ్యి పట్టుకుని చూసింది. యోప్‌ను చాలా నెమ్మదిగా పిలిచింది.

లోయలోంచి అంబులెన్సు వచ్చింది. తొందర లేదని తెలిసినట్టుగానే వచ్చింది. అతన్ని ఆ సీటు మీంచి దించడానికి నలుగురు పట్టారు. అది వెళ్లిపోయాక ఇనెకె వెనక సీటు ఎక్కలేక నిలబడిపోయింది. పక్కనున్న గూట్లో కాఫీ అంచు దాకా అలాగే ఉంది, పైన పలచగా మీగడ కట్టి.