ఆకు బొమ్మ లేబుల్

దుప్పటి వచ్చి కుట్టుమిషను మీద పడింది. టైలరు మాస్టారు తొక్కుడు ఆపాడు.

"వాసన చూడండి! మంచాన పడ్డ మా అమ్మ నెల రోజులుగా దీనిమీదే పడుకుంది. వీపంతా చెమటకాయలు పుండ్లై రసి కారుతోంది" అంది టీచరమ్మ. కొట్లో జనం ఉన్నారన్న మొహమాటం ఆమెకు లేదు.

మాస్టారు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని పులిసిన చెమట కంపు.

ఓనరు నవ్వుకుంటూ వచ్చాడు. "మేడమ్, ఇది అచ్చమైన నూలు. మందు కొట్టని పత్తి. మొక్క నుంచి నేరుగా..."

"ఏ మొక్క? పెట్రోలు బంకులో మొలిచిందా?"

జనం కిసుక్కుమన్నారు. ఓనరు నవ్వు జారిపోయింది. "అయితే మాస్టారే బట్ట మార్చేసుంటాడు. కత్తిరింపూ కుట్టూ ఆయన చేతిలోనే కదా. పెద్దవాడని నమ్మాం."

ముప్ఫై ఒక్కేళ్లు మాస్టారు ఆ కొట్టు వెనకగదిలోనే ఊళ్లోవాళ్ల కర్టెన్లూ సోఫా కవర్లూ కుట్టాడు. మెడ ముందుకు వంగిపోయింది. సూదిపోట్లకు చూపుడువేలు మొద్దుబారింది. తన ఇంటి కిటికీకి మాత్రం పాత పేపర్లే. కళ్లు మూసుకుని తడిమి నూలేదో నారేదో చెబుతాడని పేరు. ఆ పేరొక్కటే ఆయన సంపాదన. ఇప్పుడది నలుగురి కాళ్ల కింద పడింది.

దుప్పటి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు.

"నూలైతే కాగితంలా కాలి బూడిద రాలాలి టీచరమ్మా. చూడండి."

పోగు పురుగులా ముడుచుకుంది, కరిగింది, నల్లటి పూసై గట్టిపడింది. కొట్టంతా ప్లాస్టిక్ కంపు. జనం ముక్కులు మూసుకున్నారు.

"చెప్పండి, ఎవరి పని ఇది?" టీచరమ్మ ఓనరు మీదికి వెళ్లింది. అతను ఫోను చూసుకుంటున్నాడు.

"బట్ట తెచ్చింది ఓనరు బాబే" అన్నాడు మాస్టారు.

అక్కడితో ఆగితే సరిపోయేది. అందరి చూపులూ అప్పటికే ఓనరు మీదికి మళ్లాయి. కానీ ఆయన చూపు తన గోటి మీద పడింది. మూడేళ్లుగా ఈ బట్ట కుడుతుంటే సూది వేడెక్కేది, కరిగిన జిగురు దానికి పట్టేది. రోజూ సాయంత్రం గోటితో గీకి పారేసేవాడు. సూది మంచిది కాదులే అనుకునేవాడు. మర్నాడు మళ్లీ ప్రతి దుప్పటి మూలకూ అచ్చమైన నూలని చెప్పే పచ్చటి ఆకు బొమ్మ లేబుల్ కుట్టేవాడు. తన గోరు తనకే రోతగా కనిపించింది.

లేచి చెప్పులు తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.

"సూదికి అంటుకున్న రోజే నాకు తెలిసిందమ్మా. తెలిసే లేబుల్ కుట్టాను. ఆయన తెచ్చాడు సరే, అది నూలని మిమ్మల్ని నమ్మించింది ఈ చెయ్యి. దొంగని నేనే."

ఎవరూ పిలవలేదు. ఆయన మెట్లు దిగి ఎండలో కలిసిపోయాడు.

మిషను మీద ఆయన కళ్లజోడు ఉండిపోయింది, అద్దాలనిండా సన్నటి నూగు.